లైటు వెలిగితే సరిపోదు: ఇంటి వైరింగ్‌ని టెస్ట్ చెయ్యడం గురించి

(ఈ ప్రసంగానికి రాలేకపోయినవాళ్లు చదువుకోడానికి రికార్డింగ్ విని టైప్ చేసింది. తడబాట్లు తప్ప ఏమీ తియ్యలేదు.)

అందరికీ నమస్కారం అండి. వెనక వరసలో వినపడుతోందా? సరే. ముందు ఒక ప్రశ్న, చేతులెత్తి చెప్పండి. మీ ఇంట్లో వైరింగ్ బాగుంది అనుకుంటున్నవాళ్లు ఎంతమంది? దాదాపు అందరూ ఎత్తారు. ఇప్పుడు రెండో ప్రశ్న. బాగుందని మీకెలా తెలుసు? ఎవరో అన్నారు, ఇన్నేళ్లలో ఏమీ కాలేదు కదా అని. ముందు కూర్చున్న మేడం గారు అంటున్నారు, అన్నీ పనిచేస్తున్నాయి కదా అని. ఈ రెండు జవాబులూ నేను వెళ్లిన ప్రతి ఇంట్లో విన్నాను, ప్రమాదం జరిగిన ఇళ్లల్లో కూడా ఇవే విన్నాను. ఇవాళ అంతా దీని గురించే మాట్లాడతా.

పనిచెయ్యడం వేరు, సేఫ్‌గా ఉండటం వేరు. ఎందుకు వేరో చూడండి. మీ ప్లగ్ పాయింట్‌కి మూడు వైర్లు వస్తాయి. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్. ఫేజ్ తెగితే ఏమవుతుంది? లైటు వెలగదు. న్యూట్రల్ తెగితే? అప్పుడూ వెలగదు. వెంటనే తెలుస్తుంది, ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తాం. మరి ఎర్త్ తెగితే ఏమవుతుంది? ఏమీ కాదండి. ఫ్యాన్ తిరుగుతుంది, ఫ్రిజ్ చల్లబడుతుంది, వాషింగ్ మెషిన్ బట్టలు ఉతుకుతుంది, ఏళ్ల తరబడి ఏమీ కానట్టే ఉంటుంది, అదే అసలు ప్రమాదం. ఆ వైరు రోజూ చేసే పని లేదు, దానికి పని పడేది ఒక్కసారే, మెషిన్ లోపల ఫేజ్ వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలిన రోజు. ఆ రోజు అది లేకపోతే ఆ కరెంటు మెషిన్ ముట్టుకున్న మనిషి గుండా భూమిలోకి పోతుంది. అంటే మన ప్రాణం కాపాడాల్సిన వైరు ఉందో లేదో వాడకంలో తెలిసే అవకాశమే లేదు. కొలిస్తేనే తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది ఎంసీబీ ఉంది కదా అంటారు, అంటే కరెంటు మితిమీరితే దానంతట అదే ఆగిపోయే బ్రేకర్ స్విచ్. ఎంసీబీ ఎవర్ని కాపాడుతుంది? మిమ్మల్ని కాదు, వైరుని. లెక్క చెప్తాను. 16 ఆంప్స్ ఎంసీబీ అంటే 16,000 మిల్లీఆంప్స్ దాకా అది కదలదు. మనిషికి ఎంత కరెంటు చాలు? చార్లెస్ డాల్జీల్ అని బర్క్‌లీలో కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్, ఆయన వాలంటీర్ల మీద జాగ్రత్తగా కొలిచి చూశారు, పట్టుకున్న వైరుని మనిషి తనంతట తను వదల్లేకపోయేది ఎంత దగ్గర అని. సగటున అది ఆడవాళ్లకి సుమారు 10.5, మగవాళ్లకి సుమారు 16 మిల్లీఆంప్స్ దగ్గర ఉంది. చెయ్యి బిగుసుకుపోతుంది, వదలాలన్నా వదల్లేరు. ఇంకొంచెం పెరిగి, ఇంకొంచెం సేపు ఉంటే గుండె లయ తప్పుతుంది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 230 వోల్టుల మీద తీసుకునేదే సుమారు 40 మిల్లీఆంప్స్. అంటే ఒక చిన్న బల్బు తినేంత కరెంటు మనిషికి ఎక్కువ. 16,000 దగ్గర కూర్చున్న ఎంసీబీకి ఈ 40 కనపడుతుందా? కనపడదు. ఆ డాల్జీల్ గారే 1961లో లీకేజీ పసిగట్టి కట్ చేసే బ్రేకర్ ఒకటి తయారు చేశారు, మన ఆర్‌సీసీబీ ఆ కోవదే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇంకో మాట ముందే. నేను ఉదాహరణలన్నీ 230 వోల్టుల సప్లై లెక్కలో చెప్తాను, 120 వోల్టుల చోట అంకెలు మారతాయి, పద్ధతి మారదు. ఇళ్లకి ఈ టెస్టులు ఏ వరసలో చెయ్యాలి అనేది ఐఈసీ 60364 అనే అంతర్జాతీయ స్టాండర్డ్ ఆరో భాగంలో ఉంది. ఆ వరసలో ఒక తెలివి ఉందండి. ముందు చూడాలి, తర్వాత కరెంటు ఆపి కొలవాలి, అవన్నీ పాసయ్యాకే కరెంటు ఇచ్చి కొలవాలి. ఎర్త్ లేని ఇంటికి కరెంటు ఇచ్చి టెస్ట్ చేస్తే టెస్ట్ చేసేవాడికే ప్రమాదం, అందుకని ఆ వరస.

సరే, చూడటం దగ్గర మొదలుపెడదాం. మీటర్లేమీ లేకుండా కళ్లతో, ముక్కుతో, చెవులతో దొరికేవి చాలా ఉంటాయి. స్విచ్ బోర్డు ప్లేట్ మీద పసుపు రంగో గోధుమ రంగో మచ్చ, ప్లగ్ పిన్ ఒకటి నల్లబడటం, కాలిన వాసన వచ్చి పోవడం, డీబీ, అంటే బ్రేకర్లన్నీ ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు, దాని దగ్గర సన్నగా చిటచిట శబ్దం. హెవీ లోడ్ ఏదైనా అరగంట నడిచాక స్విచ్ ఆపి ప్లగ్ తీసి, పిన్నుల జోలికి పోకుండా ప్లగ్ టాప్ ప్లాస్టిక్ మీద వేలు పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, వేలు పెట్టలేనంత వేడి ఉంటే ఆ పాయింట్ వాడటం ఆ రోజే ఆపెయ్యండి. ఇది మీరు ఇంట్లో చేసుకోవచ్చు. బోర్డు విప్పడం మాత్రం తెలిసినవాళ్ల పని, అది ముందే చెప్తున్నా.

విప్పేవాళ్లకి ఒక మాట, ఇక్కడ వైరింగ్ పని చేసే తమ్ముళ్లు కొంతమంది ఉన్నారు కాబట్టి. నియాన్ టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదు అనుకోవద్దు. ఆ టెస్టర్ మీ ఒంటి గుండా భూమికి వెళ్లే చిటికెడు కరెంటుతో వెలుగుతుంది, మీరు ఎండు చెక్క స్టూలు మీద నిలబడి మంచి రబ్బరు చెప్పులేసుకుంటే మసగ్గా వెలగొచ్చు, అసలు వెలగకపోవచ్చు, ఎండలో వెలిగినా కనపడదు, టెస్టరే పాడై ఉండొచ్చు. రెండు ప్రోబులున్న వోల్టేజ్ టెస్టర్ తీసుకోండి, ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి అది పనిచేస్తోందని చూడండి, తర్వాత మీరు పనిచెయ్యబోయే చోట పెట్టి లేదని చూడండి, మళ్లీ వెళ్లి తెలిసిన చోట పెట్టి ఇంకా పనిచేస్తోందని చూడండి. మూడుసార్లూ చెయ్యాలి. మధ్యలో టెస్టర్ చచ్చిపోతే అది "లేదు" అనే చెప్తుంది కదా, అందుకు మూడోసారి. ఫేజ్ కీ న్యూట్రల్ కీ, ఫేజ్ కీ ఎర్త్ కీ, న్యూట్రల్ కీ ఎర్త్ కీ మధ్య, మూడు జతలూ చూడాలి.

నియాన్ టెస్టర్ ఒక్క విషయంలో మంచి క్లూ ఇస్తుంది. సాకెట్ రెండు కన్నాల్లోనూ వెలిగి, అక్కడ ఏ వస్తువూ పనిచెయ్యకపోతే న్యూట్రల్ తెగిపోయి ఉండటానికి అవకాశం ఎక్కువ, ఆ సర్క్యూట్‌లో ఆన్‌లో ఉన్న బల్బో ఫ్యానో గుండా ఫేజ్ ఇటువైపు వస్తోందన్నమాట. క్లూ మాత్రమేనండి, నిర్ధారణ మీటర్‌తోనే.

ఇప్పుడు మొదటి అసలు టెస్ట్, ఎర్త్ కంటిన్యుటీ, అంటే ఎర్త్ వైరు ఎక్కడా తెగకుండా చివరిదాకా ఉందా అని. మెయిన్ ఆపేసి, డీబీలో ఆ సర్క్యూట్ ఫేజ్‌నీ ఎర్త్‌నీ కలిపేసి, ఒక్కో సాకెట్ దగ్గరికి వెళ్లి ఫేజ్ కీ ఎర్త్ కీ మధ్య రెసిస్టెన్స్ కొలుస్తారు. మామూలు మల్టీమీటర్ కాదు, కనీసం 200 మిల్లీఆంప్స్ పంపించి కొలిచే లో-ఓమ్ మీటర్ కావాలి, ప్రోబుల సొంత రెసిస్టెన్స్ ముందే జీరో చేసుకోవాలి. ఇప్పుడు వచ్చిన అంకెని ఏం చెయ్యాలి? చాలామంది బీప్ వచ్చింది, ఉంది, అని వెళ్లిపోతారు. బీప్ కాదండి, అంకె చూడండి. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీటరుకి 7.41 మిల్లీఓమ్స్ ఉండాలి, అది స్టాండర్డ్ అంకె, 20 డిగ్రీల దగ్గర. సన్న తీగలు ఎక్కువ ఉండే ఫ్లెక్సిబుల్ రకమైతే 7.98. డీబీ నుంచి సాకెట్‌కి 20 మీటర్లు అనుకోండి, ఫేజ్, ఎర్త్ రెండూ అదే సైజు అనుకోండి, పోనూ రానూ 40 మీటర్లు, సుమారు 0.3 ఓమ్ రావాలి. మీకు 0.9 వచ్చింది. బీప్ అప్పుడు కూడా వస్తుంది! మరి ఆ మిగతా 0.6 ఎక్కడిది? దారిలో ఎక్కడో ఉంది. పైపు లోపల మెలేసి టేప్ చుట్టిన జాయింటో, సగం తీగలే స్క్రూ కింద పడ్డ టెర్మినలో. అంకె చూసేవాడికి అది దొరుకుతుంది.

ఇదే పని ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ కలిపి కూడా చెయ్యండి, ఎందుకంటే రోజూ కరెంటు మోసేవి అవి రెండూ. ఆ 0.6 ఓమ్ జాయింట్ ఫేజ్‌లో ఉంటే, దాని గుండా 10 ఆంప్స్ పోతే వేడి ఎంత? పదిని పదితో గుణించి మళ్లీ 0.6 తో గుణించండి, 60 వాట్లు. 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ని ఆన్ చేసి గోడలో ప్లాస్టిక్ పైపులో పెట్టి ప్లాస్టరింగ్ చేసేసినట్టు. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల దాకా తట్టుకోడానికి చేసింది. ఎంసీబీ ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. దాని లెక్కలో 10 ఆంప్సే పోతున్నాయి, అది 16 దాకా ఊరుకుంటుంది. ఆర్‌సీసీబీ? అదీ చెయ్యదు, కరెంటు ఎక్కడికీ లీక్ అవ్వట్లేదు కదా, వెళ్లినంతా తిరిగొస్తోంది. లూజ్ కాంటాక్ట్ వేడెక్కుతుంటే మన డీబీలో మామూలుగా ఉండే ఏ బ్రేకరూ దాన్ని పట్టుకోదు. ఇది ఇంకోసారి చెప్తాను, ఏ బ్రేకరూ పట్టుకోదు. అందుకే స్క్రూ బిగింపు మీద నాకు అంత పట్టుదల. బ్రేకర్ల మీద తయారీదారు టార్క్ ఎంతో, అంటే స్క్రూ ఎంత బలంగా తిప్పి బిగించాలో రాసి ఉంటుంది, టార్క్ స్క్రూడ్రైవర్ ఉంది, వాడండి. అతిగా బిగిస్తే తీగలు తెగుతాయి, తక్కువైతే వేడెక్కుతుంది, చేతి అంచనా అందరికీ ఒకలా ఉండదు.

వైరు క్వాలిటీ గురించి అడిగారు ఇందాక బయట ఒకాయన. ఇది తేలిగ్గా తేలే విషయం అండి, వైరు గోడలోకి వెళ్లకముందు. 100 మీటర్ల కాయిల్ రెండు కొసలూ పట్టుకుని రెసిస్టెన్స్ కొలవండి. 1.5 స్క్వేర్ ఎంఎం అయితే 1.21 ఓమ్, ఫ్లెక్సిబుల్ అయితే 1.33. 2.5 అయితే 0.74, ఫ్లెక్సిబుల్‌కి 0.8. వేడి రోజున కొంచెం ఎక్కువ వస్తుంది, రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది, 35 డిగ్రీల దగ్గర ఆరు శాతం దాకా ఎక్కువ, అది సహజం. కానీ 2.5 అని రాసున్న కాయిల్ 1.1 ఓమ్ చూపిస్తే? అది 2.5 కాదు, లేకపోతే రాగి కాదు. అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైర్లు వస్తాయి, చూడ్డానికి అచ్చం రాగే, రెసిస్టెన్స్ మాత్రం ఒకటిన్నర రెట్లు పైన ఉంటుంది. తీగ కొసని బ్లేడుతో గీరండి, లోపల తెల్లగా కనపడితే అదే. తూకం కూడా వెయ్యొచ్చు, 100 మీటర్ల 2.5 వైరులో రాగి ఒక్కటే సుమారు 2.2 కిలోలు ఉంటుంది, పైన తొడుగు బరువు అదనం. మొత్తం కాయిల్ 2 కిలోలే తూగితే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. గోడ పూసేశాక ఈ పని చెయ్యలేం, ముందే చెయ్యండి.

ఇప్పుడు ఎర్త్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే దీంట్లో ఒక మోసం ఉంది. మూడు లైట్లుండే సాకెట్ టెస్టర్ ఉంటుంది, ప్లగ్గులా పెడితే ఏ రెండు లైట్లు వెలిగాయో దాన్ని బట్టి సరిగ్గా ఉందా లేదా చెప్తుంది. చవకగా వస్తుంది, ఇంట్లో ఉంచుకోండి, ఫేజ్ న్యూట్రల్ తారుమారైతే చెప్తుంది, ఎర్త్ పూర్తిగా లేకపోతే చెప్తుంది. కానీ దాని మాట ఎంతవరకు నమ్మాలో తెలియాలి. ఎర్త్ వైరు వెయ్యి ఓమ్స్ ఉన్నా దాని లైటు వెలుగుతుంది. న్యూట్రల్, ఎర్త్ తారుమారైనా దానికి తెలీదు. ఇంకా ఘోరం ఒకటుంది.

ఒక ఇంట్లో వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జివ్వుమంటోందని పిలిచారు. నేను వెళ్లేసరికి ఎవరో ముందే వచ్చి "బాగు" చేసి వెళ్లారు, సాకెట్ టెస్టర్ పెడితే అంతా సరిగ్గా ఉంది అంటోంది. మెయిన్ ఆపి సాకెట్ విప్పాను. ఎర్త్ పిన్ దగ్గర గోడలోంచి వచ్చిన పచ్చ వైరు లేదు. ఒక చిన్న ఎర్ర వైరు ముక్క, నా వేలంత పొడవు ఉంటుంది, న్యూట్రల్ టెర్మినల్ నుంచి ఎర్త్ టెర్మినల్‌కి వేసి ఉంది. అంతే. ఎర్త్ తీసుకురావడం కష్టమని న్యూట్రల్‌నే ఎర్త్ అనిపించారు. జివ్వుమనడం ఆగింది, ఇంట్లోవాళ్లు సంతోషించారు. ఇప్పుడు ఆలోచించండి, ఆ న్యూట్రల్ వెనక ఎక్కడైనా లూజై వదిలేస్తే ఏమవుతుంది? మెషిన్ ఆన్‌లో ఉంటే ఫేజ్ మెషిన్ లోపలి నుంచి న్యూట్రల్‌కి వస్తుంది, అక్కడ దారి లేదు, ఆ వైరు ముక్క మీదుగా మెషిన్ బాడీకి వస్తుంది. మొత్తం 230 వోల్టులు ఇనప బాడీ మీద, తడి చేతులతో ముట్టుకునే బాడీ మీద. అసలు ఎర్త్ లేకపోవడం కన్నా ఇది చెడ్డది, ఎందుకంటే మెషిన్‌లో ఏ లోపమూ లేకపోయినా చంపగలదు. దయచేసి, ఇక్కడున్న ఎవరూ ఈ పని చెయ్యకండి, చేసిన చోటు కనిపిస్తే వదిలెయ్యకండి. దీన్ని పట్టుకునేది ఎలా? న్యూట్రల్‌ని డీబీలో విడదీసి, న్యూట్రల్ కీ ఎర్త్ కీ మధ్య కొలవాలి. జీరో ఓమ్స్ వస్తే కలిసిపోయాయి అన్నమాట.

అది మెగ్గర్ టెస్ట్‌లో ఎలాగూ బయటపడుతుంది, కాబట్టి మెగ్గర్ చెప్పేస్తాను, వైరు తొడుగు, అంటే ఇన్సులేషన్, ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటర్ అది. సిడ్నీ ఎవర్షెడ్ అనే ఇంగ్లీషాయన 1889లో దీనికి పేటెంట్ తీసుకున్నారు, అంటే ఇళ్లల్లోకి కరెంటు వచ్చిన తొలి రోజుల్లోనే ఈ అవసరం ఉందని తెలుసు. ఇన్సులేషన్‌ని మామూలు మల్టీమీటర్‌తో ఎందుకు చూడకూడదు? అది కొద్ది వోల్టులతో కొలుస్తుంది. తొడుగులో సన్న చీలిక ఉంటే, చెమ్మ పట్టి ఉంటే, ఆ కొద్ది వోల్టులకి బయటపడదు. మెగ్గర్ 500 వోల్టుల డీసీ పెట్టి చూస్తుంది, వాడకంలో వచ్చే ఒత్తిడి కన్నా ఎక్కువ పెట్టి, అప్పుడూ ఆగుతుందా అని. స్టాండర్డ్ ప్రకారం కనీసం 1 మెగాఓమ్ రావాలి. అంటే 500 వోల్టులకి అర మిల్లీఆంప్ లీకేజీ.

నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోనివాళ్లు ఉండొచ్చు. కొత్త వైరింగ్‌కి 1 మెగాఓమ్ వచ్చిందని పాస్ చెయ్యడం తప్పు. కొత్త వైరు మంచిదైతే వందల మెగాఓమ్స్ రావాలి. ఇంట్లో అన్ని సర్క్యూట్లూ 200 పైన ఉండి ఒక్కటి 3 చూపిస్తే, పుస్తకం ప్రకారం అది పాసే, నా దృష్టిలో అక్కడ ఏదో ఉంది, వెతకాలి. మేకు తగిలిందేమో, పైపులో నీళ్లు చేరాయేమో, లాగేటప్పుడు తొడుగు గీరుకుందేమో. ప్లాస్టరింగ్ ఇంకా తడిగా ఉంటే తగ్గుతుంది, అలాంటప్పుడు ఆరాక మళ్లీ కొలవండి.

చెయ్యడంలో జాగ్రత్తలు రెండు మూడు ఉన్నాయి. మెయిన్ ఆఫ్, ఆ మెయిన్ ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ రెండిట్నీ కట్ చేసేది అయ్యుండాలి. ప్లగ్గులన్నీ తీసెయ్యాలి, బల్బులు తీసెయ్యాలి, డిమ్మర్లు, సెన్సర్లు, సర్జ్ ప్రొటెక్టర్లు విడదియ్యాలి, లేకపోతే 500 వోల్టులకి అవి పోతాయి, లేదా అవి ఉన్నందుకు రీడింగ్ తప్పు వస్తుంది. తీయడం కుదరకపోతే ఫేజ్ న్యూట్రల్ రెండిట్నీ కలిపి ఎర్త్‌కి మాత్రం కొలవండి. గోడ స్విచ్‌లు ఆన్‌లో ఉంచండి, ఆఫ్‌లో ఉంటే స్విచ్ అవతల వైరు టెస్టే అవ్వదు, ఇది చాలామంది మర్చిపోతారు. అయిపోయాక వైర్లలో మిగిలిన చార్జ్ డిస్చార్జ్ అయ్యేదాకా ముట్టుకోవద్దు.

పోలారిటీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్విచ్ ఫేజ్‌లో ఉండాలి. న్యూట్రల్‌లో పెడితే లైటు ఆరుతుంది, కానీ హోల్డర్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది, బల్బు మార్చడానికి స్టూలెక్కినవాడు స్విచ్ ఆపాను కదా అనే ధైర్యంతో వేలు పెడతాడు. ఇందాక చెప్పిన కంటిన్యుటీ టెస్ట్ చేసేటప్పుడే ఇది కూడా తేలిపోతుంది, స్విచ్ నొక్కితే రీడింగ్ పోవాలి, అంతే.

ఇవన్నీ పాసయ్యాయి, ఇప్పుడు కరెంటు ఇచ్చాం. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. నిజంగా ఫేజ్ వెళ్లి బాడీకి తగిలితే, బ్రేకర్ టైముకి పడుతుందా? దీన్ని లూప్ ఇంపీడెన్స్ టెస్ట్ అంటారు. ఫాల్ట్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఫేజ్ మీదుగా వచ్చి, ఎర్త్ మీదుగా తిరిగి ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్లాలి, ఆ మొత్తం చుట్టు రెసిస్టెన్స్ ఎంత అని. ఎంసీబీల్లో బీ, సీ అని రకాలుంటాయి, ఎన్ని రెట్ల కరెంటుకి వెంటనే పడాలో ఆ అక్షరం చెప్తుంది. సీ టైప్ 16 ఆంప్స్ ఎంసీబీ కచ్చితంగా వెంటనే పడాలంటే పది రెట్లు, 160 ఆంప్స్ పోవాలి. 230ని 160తో భాగిస్తే 1.44 ఓమ్. బీ టైప్‌కి ఐదు రెట్లు చాలు, 80 ఆంప్స్, సుమారు 2.9 ఓమ్. ఫాల్ట్‌లో వైరు వేడెక్కి రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు కొలిచిన రీడింగ్ ఇందులో మూడింట రెండు వంతుల లోపు ఉండాలి, సీ టైప్‌కి దాదాపు 0.96 అన్నమాట.

ఇప్పుడు ఇంటి పెరట్లో భూమిలోకి దించిన ఎర్త్ రాడ్ ఒక్కటే ఎర్త్‌కి ఆధారం అయిన ఇల్లు తీసుకోండి. "మా ఎర్తింగ్ 20 ఓమ్స్, బ్రహ్మాండం" అంటారు. 230ని 20తో భాగించండి. 11.5 ఆంప్స్. 16 ఆంప్స్ ఎంసీబీ పడుతుందా? పడదు! మెషిన్ బాడీ మీద దాదాపు పూర్తి వోల్టేజ్ అలా కూర్చుని ఉంటుంది, రాడ్ గుండా 11 ఆంప్స్ భూమిలోకి పోతుంటాయి, ఇంట్లో ఎవరికీ తెలీదు, మీటర్ మాత్రం తిరుగుతుంది. అందుకనే రాడ్ మీద ఆధారపడ్డ ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే మంచిది అనే మాట తప్పు. ఉండి తీరాలి. అది ఉంటే 30 మిల్లీఆంప్స్ లీకేజీకే పడుతుంది, 11 ఆంప్స్ దాకా వెళ్లనే వెళ్లదు.

ఆర్‌సీసీబీ చేసేది చాలా చిన్న పని. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా చూస్తుంది. తేడా ఉందంటే ఎక్కడో దారి తప్పింది, బహుశా ఒక మనిషి గుండా. దాన్ని టెస్టర్‌తో చూసేటప్పుడు, 15 మిల్లీఆంప్స్‌కి పడకూడదు, 30కి 300 మిల్లీసెకన్ల లోపు పడాలి, 150కి 40 మిల్లీసెకన్ల లోపు పడాలి.

దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. ఎంతమంది ఎప్పుడైనా నొక్కారు? చూశారా, ముగ్గురో నలుగురో. ఇంటికెళ్లాక నొక్కండి, మూడు నెలలకోసారైనా నొక్కండి, నెలకోసారి అని కొన్నిటి మీద రాసి ఉంటుంది, అలా అయితే అలా. ఏళ్ల తరబడి కదలని మెకానిజం బిగుసుకుపోతుంది, నొక్కితే కదులుతూ ఉంటుంది. నొక్కినా పడకపోతే అదే రోజు మార్పించండి. కానీ బటన్‌కి పడింది కాబట్టి ఎర్త్ బాగుంది అనుకోవద్దు, ఆ బటన్ తన లోపలే ఫేజ్ కీ న్యూట్రల్ కీ మధ్య ఒక రెసిస్టర్ పెట్టి తేడా పుట్టిస్తుంది, దానికి ఎర్త్‌తో సంబంధం లేదు, ఎర్త్ వైరే లేని ఇంట్లో కూడా బటన్ చక్కగా పనిచేస్తుంది. ఇంకోటి, ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి ఆర్‌సీసీబీ కాపాడలేదు, దాని లెక్కలో ఆ మనిషి ఒక బల్బు లాంటివాడే.

"మా ఇంట్లో ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటే తీసేసి డైరెక్ట్ ఇచ్చేశారు" అని ఎంతమంది చెప్పారో నాకు. ఊరికే పడదండి. ఏదో హీటర్ ఎలిమెంట్‌లో చెమ్మ ఉంటుంది, లేకపోతే ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కి తగిలి ఉంటుంది, లేకపోతే ఒక సర్క్యూట్ న్యూట్రల్ తీసుకెళ్లి ఇంకో సర్క్యూట్‌లో కలిపేసి ఉంటారు, రెండిటికీ వేర్వేరు ఆర్‌సీసీబీలు ఉంటే అవి రెండూ గోల పెడతాయి. కొన్నిసార్లు ఏ ఒక్కటీ చెడిపోకుండానే, కంప్యూటర్లు, ఛార్జర్లు లాంటివి చాలా ఒకే ఆర్‌సీసీబీ మీద ఉండి వాటి ఫిల్టర్ల చిన్న చిన్న లీకేజీలన్నీ కలిసి పడేస్తాయి, అప్పుడు సర్క్యూట్లు విడగొట్టి రెండు ఆర్‌సీసీబీలు పెట్టాలి. లీకేజీ క్లాంప్ మీటర్ ఉంటుంది, ఫేజ్ న్యూట్రల్ రెండిట్నీ కలిపి దాని నోట్లో పెడితే, తేడా ఎంతో మిల్లీఆంప్స్‌లో చెప్తుంది, కరెంటు ఆపక్కర్లేదు, ఒక్కో సర్క్యూట్ చూసుకుంటూ పోతే దొంగ గంటలో దొరుకుతుంది. ఆ గంట ఓపిక లేక ప్రాణం కాపాడేదాన్ని తీసేస్తున్నాం. నాకు నిజంగా బాధేస్తుంది అలాంటి డీబీ చూసినప్పుడు.

సరే, ప్రశ్నలు తీసుకుందాం. ఆయన అడుగుతున్నది, ఎన్నాళ్లకోసారి చేయించాలి అని. ఐఈసీ స్టాండర్డ్ ఇళ్లకి ఉదాహరణగా పదేళ్లు అంటుంది, ఇంట్లో ఉండేవాళ్లు మారినప్పుడు మాత్రం చేయించమని గట్టిగా చెప్తుంది. నేనైతే గోడల్లోకి నీళ్లు వచ్చాక, పెద్ద రిపేరు తర్వాత, కొత్తగా హెవీ లోడ్ పెట్టినప్పుడు కూడా అంటాను. ఎర్త్ రాడ్‌ని మాత్రం నేల బాగా ఎండిన రోజుల్లో కొలవండి, తడి నేలలో మంచి అంకె వస్తుంది, దాన్ని నమ్మి కూర్చుంటే ఎండాక అది ఎన్నో రెట్లు పెరిగి ఉంటుంది.

మేడం గారి ప్రశ్న, టెస్ట్ చేశాను అని ఎలక్ట్రీషియన్ చెప్తే నమ్మాలా అని. మంచి ప్రశ్న. అంకెలు అడగండి. "ఓకే" అని రాసిన కాగితం వద్దు. ప్రతి సర్క్యూట్‌కీ ఎర్త్ కంటిన్యుటీ ఎన్ని ఓమ్స్, ఇన్సులేషన్ ఎన్ని మెగాఓమ్స్, లూప్ ఎంత, ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీసెకన్లకి పడింది. నిజంగా కొలిచినవాడి కాగితంలో ఈ అంకెలు సర్క్యూట్‌కీ సర్క్యూట్‌కీ తేడాగా ఉంటాయి, దగ్గరి సాకెట్‌కి తక్కువ, దూరం సాకెట్‌కి ఎక్కువ. అన్ని గదులకీ 0.5, 0.5, 0.5 అని ఉందంటే మీటర్ పెట్టలేదని అర్థం. ఆ కాగితం ఫోటో తీసి దాచుకుని, ఒరిజినల్ డీబీ తలుపు లోపల అంటించండి. ఈసారి 250 ఉన్న మెగాఓమ్స్ తర్వాతసారి 8 అయితే, రెండూ పాసే, కానీ ఏదో జరుగుతోందని ఆ రెండో ఎలక్ట్రీషియన్‌కి తెలిసేది మొదటివాడి కాగితం ఉంటేనే.

వెనక నుంచి చివరి ప్రశ్న, అద్దె ఇల్లు, ఇవన్నీ చేయించే వీల్లేదు, ఏం చెయ్యాలి అని. మూడు పనులు మీ చేతుల్లో ఉన్నాయి. డీబీ తలుపు తీసి ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి, ఉంటే బటన్ నొక్కండి, లేకపోతే ఓనర్‌ని అడగండి, రాతపూర్వకంగా అడగండి. మూడు లైట్ల టెస్టర్‌తో ప్రతి సాకెట్ చూడండి, తప్పు చూపించిన సాకెట్ వాడకండి. హీటర్, ఐరన్ బాక్స్, వాషింగ్ మెషిన్ లాంటి ఇనప బాడీ ఉన్న వస్తువులు పెట్టే సాకెట్ల వరకైనా ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ కొలిపించండి, రెండు మూడు సాకెట్లకి పెద్ద టైమేమీ పట్టదు. మీటర్లు ఇక్కడ బల్ల మీద పెట్టాను, ఎలా పట్టుకోవాలో చూడాలనుకున్నవాళ్లు ముందుకి రండి, కాయిల్ కూడా రెండు రకాలు తెచ్చాను, ఏది రాగో ఏది కాదో మీరే కొలిచి చెప్పండి.